చేస్తాడు, చేసేవాడు

"మావయ్య చిల్లర మర్చిపోడు."

ఆయన పోయిన ఎనిమిదో రోజు రాత్రి, సంస్మరణ సభలో మాట్లాడాల్సింది రాసుకుందామని నోటుబుక్కు తెరిచి పెట్టిన మొదటి వాక్యం ఇది. రాసి, ఒకసారి చదువుకుని ఆగిపోయాను. మూడు మాటల వాక్యం, అందులోనే తప్పు. "మర్చిపోయేవాడు కాదు" అని దిద్దాలి. పెన్ను చేతిలోనే ఉంది. చివరి మాట కొట్టేసి పక్కన రెండు మాటలు రాస్తే అయిపోతుంది. ఆ రాత్రి ఆ పని నా వల్ల కాలేదు. లైటు తీసేసి పడుకున్నాను.

ఇరవై రెండేళ్ళుగా జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తున్నాను. క్రియారూపాలు బోర్డు మీద ఎన్నిసార్లు రాసి చెరిపానో లెక్కలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని ఇంకొకటి ఉంటుంది. నిన్నా రేపూ అన్న లెక్క లేకుండా, ఒకరికి స్వభావంగా ఉన్న పనిని చెప్పే రూపం అది. పొద్దు పొడుస్తుంది, ఏరు పారుతుంది, మావయ్య చిల్లర మర్చిపోడు. పిల్లలకి తేలిగ్గా అర్థం కావాలని 'ఎప్పుడూ జరిగే పని' అని చెప్తుంటాను. ఆ 'ఎప్పుడూ' ఒక రోజు ఆగిపోతుందని ఏ తరగతిలోనూ చెప్పలేదు. మనిషి పోయాక మాటల్లో ముందు పోయేది ఈ రూపమే. వస్తాడు, తింటాడు, కసురుతాడు, నవ్వుతాడు అన్నవన్నీ తెల్లారేసరికి వచ్చేవాడు, తినేవాడు, కసిరేవాడు, నవ్వేవాడు అయిపోతాయి. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఎంత సులువుగా మార్చేసుకున్నారో ఆ ఎనిమిది రోజులూ వింటూనే ఉన్నాను. వాళ్ళ తప్పేం లేదు. భాష అలాగే ఉంది.

ఇంట్లో అత్తయ్య ఒక్కతే మార్చుకోలేదు. పన్నెండో రోజు భోజనాల్లోకి ఏమేం చెయ్యాలని వంటవాళ్ళు అడగడానికొస్తే, "పులిహోరలో ఇంగువ ఎక్కువ వెయ్యకండి, మీ బాబుగారికి పడదు" అంది. వాళ్ళు తలవంచుకుని, అలాగేనమ్మా అన్నారు.

సభలో నన్ను మాట్లాడమన్నది బావ, మావయ్య కొడుకు. "నేను మైకు పట్టుకుంటే ఏడుపొచ్చేస్తుంది. నువ్వైతే రోజూ వందమంది ముందు నిలబడేదానివి" అన్నాడు. మేనకోడల్ని కాబట్టి నా హక్కు కూడా తక్కువేం కాదు. మావయ్య ఒడిలో కూర్చోబెట్టుకుని నా చెవులు కుట్టించాడు. పెళ్ళిలో నన్ను బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకొచ్చింది ఇద్దరు మేనమామలూ కలిసి, ఒకవైపు పెద్దమావయ్య, ఒకవైపు చిన్నమావయ్య. సరేనన్నాను. అన్నాక గానీ భయం వెయ్యలేదు.

మావయ్య ఆర్టీసీలో కండక్టరు. 1982లో ఎక్కి 2016లో దిగాడు. ఆర్టీసీ ఏర్పడింది 1958 జనవరి 11న. మావయ్య పుట్టిందీ ఆ ఏడాదే, కాకపోతే శ్రావణంలో. "కార్పొరేషనూ నేనూ ఒకీడు వాళ్ళం. అది ఏడు నెలలు పెద్ద, అందుకని దాని మాట నేను వినాలి" అని మా పిల్లలందరికీ చెప్పేవాడు. ఎక్కువ కాలం తిరిగింది రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా భద్రాచలం పోయే దారిలో. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడ్డీ పట్టుకోకుండా నిలబడి టికెట్టు కొట్టగలిగేవాడు.

తొమ్మిదో రోజు రాత్రి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి వాక్యాల జోలికి పోకుండా గుణాలు రాసుకుందామనుకున్నాను. నిరాడంబరుడు. నిజాయితీపరుడు. మృదుభాషి. స్నేహశీలి. పరోపకారి. గబగబా పేజీ నిండింది. తెల్లారి బడి దగ్గర కట్టిన ఫ్లెక్సీ చూడ్డానికి వెళ్తే, ఆ మాటల్లో మూడు దాని మీద పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. బావ చెప్పి రాయించినవి కావు. షాపులో అప్పటికే ఉన్నవి. ఫొటో, పేరు, తేదీలు మాత్రం మారతాయి. పుట్టినప్పటి నుంచీ నన్నెరిగిన మనిషి గురించి నేను రాత్రంతా కూర్చుని రాసింది, ఆయన్నెప్పుడూ చూడని కుర్రాడి కంప్యూటరులో ఉంది. అక్కడ రోడ్డు మీద నిలబడి చాలా బాధపడ్డాను. పైగా మావయ్య మృదుభాషి కాదు. నిండు బస్సులో వెనకమెట్టు మీద నిలబడి "ముందుకి జరగండమ్మా, లోపల బోల్డు ఖాళీ" అని అరిస్తే ఇంజను మోతని దాటుకుని డ్రైవరు దాకా వినబడేది. ఆ గొంతుతోనే ఇంట్లోనూ మంచినీళ్ళడిగేవాడు.

ఫ్లెక్సీ మీద 'అశ్రునివాళి' అని ఉంది. చావు కబురులో తప్ప మరెక్కడా వాడని మాటగా నివాళి ఇప్పుడు స్థిరపడిపోయింది గానీ, పాత నిఘంటువుల్లో దానికి నీరాజనమని అర్థం. హారతి. గర్భగుడి చీకట్లో పూజారి పళ్ళెం తిప్పుతుంటే ఒకసారి చెయ్యి, ఒకసారి పాదం, ఒకసారి కళ్ళు కనబడతాయి. మనం ఇంకొంచెం ముందుకి వంగి చూస్తాం. ఆ మాట ఈ పనికి ఎలా వచ్చి చేరిందో గానీ, రావాల్సిన చోటికే వచ్చిందనిపించింది. నేను చెప్పబోయేది ఆ చిన్న వెలుగంత ఉండాలి. మృదుభాషి, పరోపకారి అన్న మాటలు దీపాలు కావు. ముఖం మీద కప్పిన శాలువాలు.

కర్మకాండలో ఈ పనికి చోటు లేదని కూడా ఆ రోజుల్లోనే గమనించాను. పురోహితుడుగారు గోత్రం అడిగారు, పేరడిగారు, తండ్రి పేరు, తాత పేరు అడిగారు. ఆయన ఎటువంటివాడు అని అడగలేదు. పన్నెండో రోజు సపిండీకరణం గురించి బావకి వివరిస్తుంటే నేనూ పక్కన కూర్చుని విన్నాను. పోయినవాడి పిండాన్ని మూడు భాగాలు చేసి పైమూడు తరాల పిండాల్లో కలుపుతారు. అక్కణ్ణుంచి ఈయన పితృదేవతల వరసలో చేరతాడు. వసువు, రుద్రుడు, ఆదిత్యుడు అని తండ్రి, తాత, ముత్తాత. ఇక తద్దినాల్లో పిండం ఆ ముగ్గురికే. కొత్తగా ఒకరు చేరగానే అటు చివర ఉన్న నాలుగో ఆయన ఆ వరసలోంచి తప్పుకుంటాడు. ఒకరు ఎక్కితే ఒకరు దిగుతారన్నమాట. మావయ్యకి ఇది ఎవరైనా చెప్పి ఉంటే బాగా అర్థమయ్యేది. క్రతువు అందరినీ ఒక్కలాగే చూస్తుంది, అందులో గొప్ప న్యాయం ఉంది. మరి ఆ మనిషి ఒక్కడికే సొంతమైనవి, ఇంకే తండ్రికీ తాతకీ లేనివి ఎక్కడ చెప్పాలి? సభ అంటూ పెట్టింది అందుకే అయితే, దాన్ని ఫ్లెక్సీ మాటలతో నింపి రాకూడదు.

పదో రోజు నుంచి అడగడం మొదలుపెట్టాను.

పదకొండేళ్ళు ఆయనతో ఒకే బండి మీద పనిచేసిన డ్రైవరుగారు ఉన్నారు. ఆయన్ని మంచివాడా అని అడగలేదు. ఏం చేసేవాడు అని అడిగాను. ఆయన ఆలోచించకుండా చెప్పడం మొదలుపెట్టారు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరదొచ్చింది, భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి ఎక్కింది. ఆ వారం వీళ్ళ బస్సు చింతూరు దాటాక మెరక మీదున్న ఒక ఊళ్ళో చిక్కుకుపోయింది. ముందుకీ వెనక్కీ నీళ్ళే. ప్రయాణికులూ వీళ్ళూ నాలుగు రోజులు బడి వరండాలో ఉన్నారు. క్యాష్ బ్యాగు వానకి నానిపోయింది. మావయ్య నోట్లన్నీ ఒక్కొక్కటీ విడదీసి, వరండా గచ్చు మీద పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టి, రాత్రంతా కాపలా కూర్చున్నాడు. "రూపాయి, రెండు, అయిదు, పది... ముగ్గేసినట్టు పరిచాడమ్మా. చంటిపిల్లల తల్లులు కూడా వాటిని తొక్కకుండా గోడవార నడిచారు" అన్నారు డ్రైవరుగారు. డిపోకి వచ్చాక లెక్క పైసాతో సహా సరిపోయిందట. నేను నోటుబుక్కులో నిజాయితీపరుడు అన్న మాట కొట్టేసి, గులకరాళ్ళు అని రాసుకున్నాను.

చిల్లర సంగతీ ఆయనే చెప్పారు. అది నాకూ కొంత తెలుసు. పెద్ద నోటు ఇస్తే, ఇవ్వాల్సిన బాకీ టికెట్టు వెనక రాసి గుండ్రంగా సున్న చుట్టి ఇచ్చేవాడు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. అందరూ అడగరు. నిద్రమత్తులో దిగిపోతారు, సంచులూ పిల్లలూ చూసుకుంటూ దిగిపోతారు. మావయ్య వాళ్ళ వెనకే దిగి పరిగెత్తేవాడట. "బండి ఆపి నేనలా కూర్చునేవాణ్ణి. ఆయన చీకట్లో పొలం గట్టు మీద ఎవరినో పిలుస్తూ పోతున్నట్టు టార్చిలైటు కనబడేది. మూడు రూపాయల కోసం." చిల్లర మరీ కరువైన రోజు, ఒకరికి రెండు, ఒకరికి మూడు రావాలంటే అయిదు రూపాయల బిళ్ళ ఒకరి చేతిలో పెట్టి, "ఇద్దరూ దిగాక పంచుకోండి" అనేవాడు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఆ బిళ్ళ పుణ్యమా అని పక్కపక్కన కూర్చుని, ఏ ఊరండీ మీదీ అని మొదలుపెట్టేవాళ్ళు.

అత్తయ్య ఏమీ చెప్పలేదు మొదట. "ఏముంటుందే చెప్పడానికి, డ్యూటీకి వెళ్తాడు, వస్తాడు" అంది. కాసేపాగి తనే అంది. రిటైరైన మర్నాటి నుంచీ కూడా మూడున్నరకే లేచి, స్నానం చేసి, వీధి అరుగు మీద కూర్చునేవాడట. మొదటి బస్సు పోయేదాకా. అది గేరు మార్చే చప్పుడు వింటే చాలు, నడిపేది పాతవాడో కొత్తవాడో చెప్పేవాడట. ఆ ఎనిమిదేళ్ళూ అత్తయ్యా మూడున్నరకే లేచి టీ పెట్టింది. "ఆయన ఒక్కడూ చీకట్లో కూర్చుంటే నాకు నిద్రెలా పడుతుంది" అంది.

అమ్మ దగ్గరికి చివర్న వెళ్ళాను. అన్నయ్య గురించి ఏమన్నా చెప్పమ్మా, రాసుకుంటాను అన్నాను. అమ్మ నా వైపు వింతగా చూసింది.

"చెప్పాను కదే, ఆవేళ."

ఆవేళ అంటే మావయ్యని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వేళ. అమ్మ ఆటో దిగి వాకిట్లో అడుగుపెడుతూనే గొంతెత్తింది. మా వైపు ఆడవాళ్ళు పోయినవాళ్ళ పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. శోకాలు పెట్టడం అంటారు. ముందు వరస పెట్టి పిలుస్తారు, అన్నయ్యా అనో, నాయనా అనో. ఆ పిలుపు చివర అచ్చు చాలాసేపు సాగుతుంది. అది కిందికి దిగేలోపు ఒక సంగతి చెప్తారు. ఊపిరి తీసుకుని మళ్ళీ పిలుస్తారు, ఇంకో సంగతి. ఒకరు అలిసిపోతే పక్కావిడ అందుకుంటుంది. కొత్తగా వచ్చినావిడ మెడ కావలించుకుని, తన ఇంట్లో ఎప్పుడో పోయినవాళ్ళని కూడా ఈ ఏడుపులో కలుపుకుంటుంది. నేను ఆవేళ అమ్మ భుజం పట్టుకుని, "ఊరుకో అమ్మా, అందరూ చూస్తున్నారు" అన్నాను. నాకు సిగ్గేసింది. ఆ మాట ఇక్కడ రాయకుండా దాటెయ్యాలనిపించింది గానీ, దాటేస్తే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు.

అమ్మ ఏమందో ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకున్నాను. తనని పదో తరగతి చదివించమని నువ్వు నాన్నతో పోట్లాడావు అంది. నేను పుట్టే రాత్రి ఆఖరి బస్సు పోతే సైకిలు తొక్కుకుంటూ వచ్చావు అంది. వరదలో నోట్ల మీద రాళ్ళు పెట్టి కాపలా కాశావు, నీ ప్రాణానికి ఎవర్ని కాపలా పెట్టుకున్నావు అంది. రాళ్ళు! డ్రైవరుగారి దగ్గర నేను కొత్తగా విన్నాననుకున్నది అమ్మ నోట అప్పటికే విని, వినకుండా వదిలేశాను. "ఊళ్ళో అందరి చిల్లరా ఇచ్చేశావు, నా బాకీ ఉంచేసుకుని పోయావా" అంది. రెండు రోజులు తిరిగి నేను పోగుచేసిందంతా అమ్మ మొదటి అరగంటలో చెప్పేసింది. ఎక్కడా ఒక్క గుణం పేరు లేదు. అన్నీ పనులే. పొగడ్తలు కూడా దెబ్బలాడుతున్నట్టే ఉన్నాయి. ఇంకొకటి కూడా అప్పుడే చూశాను. అమ్మ ఒక్కసారి కూడా 'చేసేవాడు' అనలేదు. చేశావు, వచ్చావు, ఇచ్చావు, పోయావా. అంతా నువ్వే. ఎదుట ఉన్నవాడితో మాట్లాడేటప్పుడు 'చేసేవాడు' అన్న రూపం అక్కర్లేదు.

శ్రీశ్రీ మహాప్రస్థానాన్ని కొంపెల్ల జనార్దనరావుకి అంకితమిస్తూ రాసిన గీతం నాకు కొట్టినపిండి అనుకునేదాన్ని. ఆ మిత్రుడు 1937లో పోయాడు, పుస్తకం 1950లో వచ్చింది. పదమూడేళ్ళ తర్వాత అచ్చైన పుస్తకంలోనూ ఆయన్ని ఎదుట నిలబెట్టుకుని నువ్వు అని పిలిచే పిలుపు అలాగే ఉంది. మా వాకిట్లో అమ్మ కూర్చున్న చోటే శ్రీశ్రీ కూడా కూర్చున్నాడని ఆ గీతం చదువుతూ ఎప్పుడూ అనుకోలేదు. విశ్వనాథ సత్యనారాయణగారు భార్య పోతే వరలక్ష్మీ త్రిశతి రాశారు. ఆయన దుఃఖానికి త్రిశతి కావాల్సొచ్చింది. బావ నాకిచ్చింది అయిదు నిమిషాలు.

ఇక మిగిలింది చెప్పడానికి కష్టమైన సంగతి. మావయ్య పద్నాలుగేళ్ళు తమ్ముడితో మాట్లాడలేదు. రెండు చేలకీ మధ్యనున్న నీళ్ళ బోదె ఎవరి వైపు ఎంత జరగాలన్న దగ్గర మొదలైంది. సర్వేయరొచ్చాడు, పెద్దమనుషులొచ్చారు, బోదె ఉన్నచోటే ఉంది, మాటలు మాత్రం ఆగిపోయాయి. ఇద్దరిదీ ఒకే రకం పంతం. అమ్మ ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరిగి తిరిగి అలిసిపోయింది. ఊళ్ళో ఎవరికి తెలియదు గనక? అది లేకుండా మావయ్య గురించి మాట్లాడితే, ఎదుట కూర్చున్న రెండొందలమందిలో ప్రతివాళ్ళకీ నేను ఏది దాటేశానో తెలుస్తుంది. దాటేసిన సంగతి తెలిశాక చెప్పినవి కూడా నమ్మబుద్ధి కాదు. అలాగని మైకులో ఎలా చెప్పను? చిన్నమావయ్య పన్నెండు రోజులూ వచ్చాడు. పాడె మోశాడు. అస్థికలు కలపడానికి గోదావరి రేవుకి వచ్చాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా ఒక వారగా కూర్చుని వెళ్ళిపోయేవాడు.

అమ్మ శోకంలో ఇది కూడా అంది మరి. "తమ్ముడితో ఒక్క మాట లేకుండా పోయావే, అంత పంతమేంటి నీకు" అని అందరి ముందూ అడిగింది. చిన్నమావయ్య అప్పుడు కాళ్ళ దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎవరూ అమ్మని తప్పు పట్టలేదు, ఆయనా పట్టలేదు. పైకండువా నోట్లో కుక్కుకుని నిలబడ్డాడు. నువ్వు అని అంటున్నంతసేపూ ఏమైనా అనొచ్చు, అన్నగారు అక్కడ ఉన్నట్టే, విని ఊరుకున్నట్టే. 'ఆయన' అన్నామంటే ఇక ఆయన అక్కడ లేడు. జవాబు చెప్పుకోలేడు. అదే మాట మైకులో నిందవుతుంది.

పదకొండో రోజు సాయంత్రం అత్తయ్య బీరువాలోంచి ఒక పొడుగు పుస్తకం తీసి ఇచ్చింది, పన్నెండో రోజుకి పిలవాల్సినవాళ్ళలో ఎవరైనా మిగిలారేమో చూడమని. మా ఇళ్ళలో ఏ శుభకార్యం వచ్చినా శుభలేఖలు ఎవరెవరికి ఇవ్వాలో మావయ్యే రాసేవాడు. ఆయన రాసే పద్ధతి వేరు. చుట్టాలూ స్నేహితులూ అని కాదు, బస్సు స్టేజీల వరసలో. రాజమండ్రిలో ఇవ్వాల్సినవి, తర్వాత స్టేజీలో ఇవ్వాల్సినవి, ఆ తర్వాతది. ఆ కాగితం పట్టుకుని బస్సెక్కితే ఎక్కడా వెనక్కి రానక్కర్లేదు. పేజీలు తిప్పుతున్నాను. బావ పెళ్ళి, మా అమ్మాయి ఓణీలు, అత్తయ్య వాళ్ళ కొత్తిల్లు, మొన్నటి మనవడి బారసాల. ఈ పద్నాలుగేళ్ళలో జరిగినవి నాలుగు. నాలుగింటిలోనూ మొదటి పేరు స్టేజీ వరసలో లేదు. మా ఊరు ఆ దారిలో అయిదోది. మొదటి గీత మీద ఒక్క మాటే ఉంది: తమ్ముడు. దాని కింద గీత గీసి, అప్పుడు రాజమండ్రి.

ఆ శుభలేఖలు ఎప్పుడూ అమ్మే పట్టుకెళ్ళి ఇచ్చేది. అక్క పిలిచిందని చిన్నమావయ్య వచ్చేవాడు, అక్షింతలు వేసి, భోంచేసి, వెళ్ళిపోయేవాడు.

ఆ రాత్రి వాక్యాలు వచ్చాయి. రెండు పేజీలు. పెద్ద పెద్ద అక్షరాలతో, వాక్యానికీ వాక్యానికీ మధ్య గీత వదిలి తిరగరాసుకున్నాను. అత్తయ్యకి వినిపించాను, ఆవిడకి తెలియకుండా ఆవిడ భర్త గురించి మైకులో ఏదీ చెప్పకూడదని. 'మావయ్యగారు... చేసేవారు' అని చదువుతుంటే అత్తయ్య మధ్యలో ఆపింది. "ఆ గారూ వారూ తీసెయ్యవే. ఎవరి గురించో వింటున్నట్టుంది." తీసేశాను. 'చేసేవాడు' మాత్రం తియ్యలేకపోయాను. రెండు వందలమంది ముందు నిలబడి చేస్తాడు అనలేను, నువ్వు అని పిలిచే గొంతు అమ్మది, నాకు రాదు. మొదటి రాత్రి వాక్యం కూడా అప్పుడే దిద్దాను. తర్వాత తలుపు వేసుకుని గోడకి నాలుగుసార్లు చదివాను. బుట్టలో మోసుకొచ్చిన సంగతి దగ్గర గొంతు పూడుకుపోతుందని అక్కడ పక్కన చుక్క పెట్టుకున్నాను, ఆగి నీళ్ళు తాగాలని.

సభ రోజు బడి ఆవరణలో షామియానా. బల్ల మీద ఫొటో, దానికి చామంతి దండ. వెనకనుంచి కూరల ఘుమఘుమ. నా ముందు నలుగురు మాట్లాడారు. వాళ్ళు చెప్పినవాటిలో అబద్ధమేదీ లేదు. నా వంతు వచ్చి మైకు ముందు నిలబడితే చేతిలో కాగితం ఒణికింది. గులకరాళ్ళ సంగతి చెప్పాను. వెనక బెంచీల మీద కూర్చున్న ఖాకీ చొక్కాలవాళ్ళు ముందుకి వంగారు. మూడున్నరకి లేచి అరుగు మీద కూర్చోవడం చెప్పాను. అత్తయ్య టీ గురించి కూడా చెప్పాను, ఆవిడ వద్దన్నా. బుట్ట సంగతి చుక్క దగ్గర ఆగకుండానే దాటాను, "ఒకవైపు మావయ్య, ఒకవైపు చిన్నమావయ్య. బుట్ట ఏ వైపూ ఒరగలేదు" అన్నాను. గొంతు పూడుకుపోయింది ఎక్కడో తెలుసా, 'టార్చిలైటు' అన్న మాట దగ్గర. చుక్క పెట్టుకోని చోట. చీకట్లో పొలం గట్టు మీద ఆ వెలుగు దూరమైపోతున్నట్టు కనబడింది. ఎంతసేపు ఆగానో తెలియదు. ఎవరూ కదల్లేదు. డ్రైవరుగారు లేచి వచ్చి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి వెళ్ళారు.

ఆఖర్న శుభలేఖల పుస్తకం గురించి చెప్పాను. స్టేజీల వరస అంటే జనం నవ్వారు, తడికళ్ళతో నవ్వే నవ్వు. "నాలుగుసార్లు ఆ వరస తప్పాడు" అన్నాను. "మొదటి గీత మీద తమ్ముడు అని రాసేవాడు. తర్వాతే రాజమండ్రి." అంతకుమించి బోదె ఊసుగానీ, పద్నాలుగేళ్ళ ఊసుగానీ ఎత్తలేదు. నమస్కారం పెట్టి దిగిపోయాను. చిన్నమావయ్య వైపు చూడలేదు. చూస్తే అది కూడా ఒక మాట అన్నట్టే అవుతుందనిపించింది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే డ్రమ్ముల దగ్గరికి ఆయనే వచ్చాడు. మగ్గుతో నీళ్ళు ముంచి నా చేతుల మీద పోశాడు, చిన్నప్పుడు పోసినట్టు.

"అమ్మాయ్, ఆ పుస్తకంలో పేరు రాసేవాడా, ఉట్టి తమ్ముడు అనే రాసేవాడా?"

"పేరు రాసేవాడు కాదు చిన్నమావయ్యా. తమ్ముడు. అంతే."

మగ్గు డ్రమ్ములోకి వదిలేసి, తడి చేతులతో అలాగే నిలబడ్డాడు. బల్ల మీద ఫొటో ముందు అగరొత్తులు ఇంకా వెలుగుతున్నాయి. అటే చూస్తున్నాడు.

"అన్నయ్య అంతే. వరస తప్పడు" అన్నాడు.